ఒక్క గొంతుకి ఆరు తోకలు

‘గుయ్‌య్‌య్‌...’

మా పెదనాన్న ఆఖరి హరికథ ఈ మోతతోనే మొదలవుతుంది. తర్వాత చిడతలు, ఆ వెనక గజ్జెలు, అప్పుడు ఆయన గొంతు. కథ పూర్తయి మంగళహారతి పాడేదాకా ఆ మోత ఆగదు. తుమ్మెదని పట్టి ఖాళీ డబ్బాలో వేసి మూత పెట్టినట్టు ఒకటే రొద.

అది 2019 శ్రీరామనవమి. మా ఊరి రామాలయం ముందు తాటాకు పందిరి. పెదనాన్నకి అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్లు. మోకాళ్లు నొప్పులని మూడేళ్లుగా గజ్జె కట్టని మనిషి, ఆ ఏడు ఎవరూ అడక్కుండానే ‘సీతాకల్యాణం నేనే చెబుతా’నన్నాడు. చెప్పాడు కూడా. అదే ఆఖరని మాకెవరికీ తెలీదు. వినాయకచవితి నాటికి ఆయన లేడు. అంతకుముందు చెప్పిన కథల క్యాసెట్లు అటక మీది ట్రంకుపెట్టెలో ఉండేవి. తీసి చూస్తే టేపులన్నీ బూజు పట్టి అతుక్కుపోయాయి. అరవై ఏళ్లు కథలు చెప్పిన మనిషి గొంతు ఎక్కడైనా మిగిలిందీ అంటే ఈ ఒక్క రికార్డింగులోనే. దాన్నిండా గుయ్‌య్‌!

ఇందులో విచిత్రం ఏమిటంటే... ఆ రోజు పందిట్లో కూర్చున్న వాళ్లెవరికీ ఆ మోత వినపడలేదు. నేనూ ముందు వరసలోనే ఉన్నాను. గొంతు గంటలా మోగింది. మరి వీడియోలోకి తుమ్మెద ఎలా దూరింది?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పింది మా ఊరి మైకుసెట్టు మావయ్య. వరసకి మావయ్యేం కాదు. ఊళ్లో అందరికీ ఆయన ‘మైకు మావయ్యే’. ఆ రోజు మైకు ఆయనదే. ‘తప్పు నాదేరా అల్లుడూ. ఒక్క తోకకి ఆరుగుర్ని వేలాడదీశా’ అన్నాడు, నేను అడగ్గానే.

ఆ ఆరుగురి లెక్క ఇదీ. దాసుగారి మైకూ, వయొలిన్ మైకూ, మృదంగం మైకూ అన్నీ కలిసి మిక్సర్లోకి వెళ్తాయి. మిక్సర్ నుంచి పెద్ద వైర్లు రెండు పందిట్లోని స్పీకర్లకి వెళ్లాయి. అక్కడిదాకా బాగానే ఉంది. మిక్సర్ వెనక రికార్డింగు కోసమని చిన్న అవుట్‌పుట్ ఒకటుంటుంది. దాని కోసం క్యూ. వీడియో ఆయనకి ఒక లైను కావాలి. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య చూడ్డానికి లైవ్ పెట్టిన ల్యాప్‌టాప్‌కి ఒకటి. కేబుల్ టీవీ కుర్రాడికి ఒకటి. జేబులో రికార్డరు తెచ్చుకున్న శిష్యుడికి ఒకటి. ఆడవాళ్లు కూర్చున్న అరుగు దగ్గర చిన్న స్పీకరుకి ఒకటి. వంటశాల దగ్గర ఇంకోటి. ఒకటి రెండుగా చీలే పిన్నులుంటాయి చూడండి, వాటిని ఒకదాని తోకకి ఇంకోటి తగిలించుకుంటూ పోయారు. చివరికి మిక్సర్ వెనకాల మర్రిచెట్టు ఊడల్లా వేలాడాయట.

ఫలితం? వీడియోలో తుమ్మెద. శిష్యుడి రికార్డరులో పాత గుడ్డ చింపుతున్నట్టు బరబర. కేబుల్ టీవీ కుర్రాడు మధ్యలో తన వైరు పీకి సర్దుకుంటుంటే లోపల రెండు తీగలూ తగులుకున్నాయి. అంతే, ఆ ఊడల మీద ఉన్న ఆరుగురికీ దాదాపు నిమిషం పాటు శబ్దమే లేదు. ఆ నిమిషం ఎక్కడో తెలుసా? సరిగ్గా రాముడు విల్లెత్తే చోట. వీడియోలో పెదనాన్న చిడతలు పైకెత్తుతాడు, నోరు తెరుస్తాడు, జనం ఉలిక్కిపడి చప్పట్లు కొడతారు. శివధనుస్సు మాత్రం చప్పుడు కాకుండా విరిగిపోయింది.

శబ్దాన్ని పంచుకోవడమే తప్పేమో అనుకున్నాను మొదట. కాదట. ఒక్క దీపం వెలుగులో ఒకరు చదువుకున్నా ఆరుగురు చదువుకున్నా దీపం తగ్గదుగా. దాదాపు అలాంటిదే ఇదీ. మిక్సర్ నుంచి వచ్చేది కరెంటు రూపంలో ఉన్న శబ్దం. అందుకునే యంత్రం దాన్ని తాగేయదు, ఊరికే చూస్తుంది. ఎంత తక్కువ తాగుతుందో చెప్పే కొలతే ఇంపెడెన్స్. లెక్క ఓములలో. ఈ రోజుల్లో ఓ మాదిరి మిక్సర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ నూటయాభై ఓముల చుట్టుపక్కల ఉంటే, అందుకునే యంత్రానిది పదివేల ఓములో అంతకన్నా ఎక్కువో ఉంటుంది. అలాంటివి ఆరు తగిలించినా శబ్దంలో తగ్గేది నూటికి ఎనిమిది వంతులే. అది చెవికి పెద్దగా తెలిసే తేడా కాదు.

ఒకప్పుడు ఇలా కుదిరేది కాదు. ఈ సరంజామా అంతా పుట్టింది టెలిఫోన్ వాళ్ల ఇంట్లో. గిటార్లకీ కీబోర్డులకీ గుచ్చే లావుపాటి జాక్‌పిన్ను ఉంది చూశారూ, అది 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు అమ్మాయిలు ఒకరి లైను ఇంకొకరికి కలపడానికి గుచ్చిన పిన్నే. స్టూడియోల్లో యంత్రాలు ఒకదాని మీద ఒకటి బిగించే ర్యాకు వెడల్పు 19 అంగుళాలు ఎందుకంటే, 1920ల్లో అమెరికా టెలిఫోన్ కంపెనీ తన పరికరాలకి ఆ కొలత పెట్టుకుంది కనుక. అందులో ఒక్కో మెట్టు ఎత్తు అంగుళం ముప్పావు. ఇప్పటికీ అదే కొలత. ఆ రోజుల్లో పంపే యంత్రానికీ అందుకునే యంత్రానికీ రెంటికీ 600 ఓములే. మైళ్ల దూరం తీగల మీద మాట పోవాలి కాబట్టి అలా సరిసమానంగా పెట్టుకున్నారు. అక్కడ మాత్రం రెండో యంత్రం తగిలిస్తే మొదటిదానికి అందేదాంట్లో మూడో వంతు తెగిపోతుంది. ‘పంచితే తగ్గిపోద్ది’ అని పాత మైకువాళ్లు చెప్పే మాట ఆ కాలం నాటిది.

మరి పంచడం తప్పు కానప్పుడు మా పెదనాన్న గొంతు ఎందుకు పాడైంది? మూడు యంత్రాలకి మూడు రోగాలు.

రికార్డరుది తేలిక. అది మైకు నుంచి వచ్చే శబ్దం కోసం చెవి రిక్కించుకుని కూర్చుంది. మైకు ఇచ్చేది మిల్లీవోల్టుల్లో, అంటే వోల్టులో వెయ్యో వంతుల్లెక్కన. మిక్సర్ వెనక నుంచి వచ్చేది వోల్టులో మూడో వంతు దాకా ఉంటుంది. పెద్ద మిక్సర్ల అసలు అవుట్‌పుట్ అయితే వోల్టుంబావు. గుసగుస వినడానికి చెవి దగ్గర పెట్టిన మనిషి చెవిలో బాకా ఊదినట్టన్నమాట. చిరిగిపోక ఏమవుతుంది! రికార్డరు పక్కన ఉన్న మీటని ‘మైక్’ నుంచి ‘లైన్’కి జరిపి ఉంటే సరిపోయేది. ఆ శిష్యుడు ఇప్పటికీ ఆ మీటని తల్చుకుని బాధపడతాడు.

కేబుల్ కుర్రాడిదీ తేలికే. ఊడలన్నీ ఒకే కొమ్మవి. ఒక ఊడ లోపల తీగలు కలిసిపోతే అందరికీ శబ్దం పోతుంది. వరసగా దీపాల తోరణంలో ఒక్క బల్బు పోతే తోరణం మొత్తం ఆరిపోయినట్టే.

ఇక తుమ్మెద. ఇది కాస్త ముదురు జబ్బు. మైకుసెట్టుకి కరెంటు గుడి మీటరు నుంచి తీసుకున్నారు. వీడియో ఆయన తన మిక్సింగ్ యూనిట్‌కి ఎదురింటి కిటికీలోంచి వైరు లాగాడు. రెండు చోట్లా ఎర్త్ ఉంది. కానీ గుడి గుంతలో ఉన్న ఎర్తూ ఎదురింటి పెరట్లో ఉన్న ఎర్తూ అచ్చంగా ఒకటి కావు. రెంటి మధ్యా కాసింత వోల్టేజీ తేడా ఉంటుంది. మామూలుగా దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఎప్పుడైతే శబ్దం తెచ్చే తీగ ఆ రెండు యంత్రాల్నీ కలిపిందో, తీగ చుట్టూ ఉండే జల్లెడలాంటి రాగి తొడుగులోంచి ఆ తేడా ప్రవహించడం మొదలెట్టింది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా... ఆ ఊపే, దాని రెట్టింపులూ మూడింతలూ కలిసి గుయ్‌మని వినపడతాయి. ఆ మోత పుట్టేది అందుకునే యంత్రం గుమ్మంలో. అందుకే పందిట్లో స్పీకర్లకి తెలీలేదు, వీడియోకి ఎక్కింది. వంటశాల స్పీకర్లోనూ మోగే ఉంటుందట. పానకం గ్లాసులు పట్టుకున్నవాళ్లకి తుమ్మెదతో ఏం పని!

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. ఈ మోత వచ్చినప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను విరిచేస్తారు, లేదంటే లోపల ఎర్త్ వైరు కత్తిరించేస్తారు. మోత టక్కున ఆగుతుంది. అందుకే అదో గొప్ప చిట్కా అనుకుంటారు. కానీ రేపెప్పుడో ఆ యంత్రంలో కరెంటు తీగ ఇనప డబ్బాకి తగిలితే, ఆ కరెంటు భూమిలోకి పోవడానికి దారి ఉండదు. మైకు పట్టుకున్న చేతిలోంచి పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో ‘స్టోన్ ద క్రోస్’ అనే బ్యాండు గిటారిస్టు లెస్ హార్వే స్టేజి మీదే అలా ప్రాణం పోగొట్టుకున్నాడు, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని. మన పెళ్లిపందిళ్లలో, వినాయక మండపాల్లో వానకి తడిసిన నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి పాడేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ విరిచిన పిన్నే గుర్తొస్తుంది. మీ ఇంటి కార్యానికి మైకు పెడితే, పాటలు మొదలవకముందే ఓసారి ప్లగ్గుల వంక చూడండి. మూడో పిన్ను లేకపోతే పెట్టించండి. మొహమాటపడొద్దు.

మోతకి అసలు మందు చిన్న డబ్బా. లోపల అరచేతిలో ఇమిడే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. రెండు తీగచుట్టలు, మధ్యలో ఒకదానికొకటి తగలవు. శబ్దం అయస్కాంతం రూపంలో ఇటు నుంచి అటు దూకుతుంది. రాగి దారి తెగిపోయింది కాబట్టి ఎర్తుల గొడవ దూకలేదు. నాసిరకానివి కొన్ని వందలకే దొరుకుతాయి, కాకపోతే మృదంగం ఎడమవైపు పలికే లోతైన నాదాన్ని మింగేస్తాయి. మంచివి వేలల్లో ఉంటాయి. ‘ఆ రోజు నా దగ్గర ఒక్క డబ్బా ఉండుంటే...’ అని మావయ్య సగంలో ఆపేశాడు.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆయన తన సామాను మొత్తం మార్చేశాడు. ఇప్పుడు ఆయన వ్యాన్‌లో చక్రాలున్న నల్లటి ర్యాకు ఒకటి ఉంటుంది, మన మోకాలి పైదాకా వస్తుంది. అందులో ఒక మెట్టు మొత్తం ‘డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్’. పేరు పెద్దదే గానీ పని ఒక్కటే. ఒక శబ్దం తీసుకుని ఆరు చోట్లకి ఇవ్వడం. ఊడల పద్ధతికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇందులో ఆరు దారులకీ ఆరు చిన్న యాంప్లిఫయర్లుంటాయి. కేబుల్ కుర్రాడు తన తీగ పీకినా, తగలేసినా అతని శబ్దమే పోతుంది. మిగతా అయిదుగురికీ ఆ సంగతే తెలీదు. పైగా ఒక్కోదానికీ ఒక్కో బొత్తాం. లైన్ కావాలన్నవాడికి లైనంత, రికార్డరు బక్కదైతే దానికి కాస్త తగ్గించి. బయటి కరెంటు వాడుకునే యంత్రాలకి వెళ్లే దారులకి ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలు కూడా తగిలించాడు.

ర్యాకు వెనక్కి తిప్పి చూపించాడు. నాకు నచ్చింది అదే. కరెంటు వైర్లన్నీ ఎడమ పక్క కట్టి ఉన్నాయి. శబ్దం తెచ్చేవన్నీ కుడి పక్క. ఎక్కడైనా దాటక తప్పకపోతే పక్కపక్కన పాకకుండా కూడలి రోడ్ల మాదిరి అడ్డంగా దాటుతాయి. అలాగైతే కరెంటు రొద శబ్దంలోకి పాకడం తగ్గుతుంది. ప్రతి తీగకీ రెండు చివరలా అంకె రాసిన చీటీ. ఒక చివరే రాస్తే? ‘చీకట్లో రెండో చివర పట్టుకున్నోడు ఏం చేస్తాడు?’ అన్నాడు మావయ్య. తీగలు కట్టినవి కూడా ప్లాస్టిక్ ట్యాగులు కాదు, సంచులకుండే అతుకుడు పట్టీలు. ట్యాగు బిగిస్తే తీగ నలుగుతుంది, విప్పాలంటే కత్తి కావాలి, కత్తి జారితే తీగే తెగుతుంది. ర్యాకు నుంచి దూరం పోయే లైన్లకి మూడు పిన్నుల గుండ్రటి ప్లగ్గులు. వాటిలో ఒకే శబ్దాన్ని రెండు తీగల మీద ఒకటి సూటిగా, ఒకటి తిరగేసి పంపుతారు. దార్లో ఏ రొద దూరినా రెంటిలోకీ ఒకేలా దూరుతుంది. చివర్లో రెండోదాన్ని మళ్లీ తిరగేసి కలిపితే మాట రెట్టింపవుతుంది, రొద దానికదే కొట్టుకుపోతుంది. ఎవరు కనిపెట్టారోగానీ దండం పెట్టాలి.

ఈ తిరగేసే కిటుకు తెలీక ఓ పెళ్లిలో మేం పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. మా పిన్ని కూతురి సంగీత్. ఫోన్లో పాట పెట్టి, దాని తీగని ఫంక్షన్ హాలు వాళ్ల మిక్సర్‌కి గుచ్చారు. తబలా వస్తోంది, వేణువు వస్తోంది, గాయని మాత్రం మాయం! నాలుగు పాటలు మార్చారు. ఏ పాటలోనూ పాడేవాళ్లు లేరు. ఫోన్ పాడైందన్నారొకరు. ‘ఇదేదో బాగుంది, మనమే పాడదాం’ అన్నారింకొకరు. సంగతేమిటంటే, ఫోన్ ఇచ్చేది ఎడమ, కుడి అని రెండు వేర్వేరు శబ్దాలు. మిక్సర్ వాటిని ఒకటి సూటి, ఒకటి తిరగేసింది అనుకుని ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసింది. గాయకుల గొంతు రెంటిలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి సున్నా అయిపోయింది. ఎడమ, కుడి తీగలు విడివిడిగా రెండు చోట్ల గుచ్చితే అమ్మాయి తిరిగొచ్చేది.

అన్నట్టు, ఒకటి రెండుగా చీల్చే పిన్ను ఇంట్లో ఉంది కదా అని దాన్ని తిరగేసి రెంటిని ఒకటిగా కలపొద్దు. టీవీ, ఫోన్ రెండూ ఒకే స్పీకరుకి తగిలిద్దామని ఇలా చేస్తుంటారు. పంచడం వేరు, కలపడం వేరు. రెండు అవుట్‌పుట్‌లు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. శబ్దం నీరసించిపోతుంది, యంత్రానికీ మంచిది కాదు. కలపాలంటే చిన్నదైనా మిక్సర్ ఉండాల్సిందే. అలాగే ఒక ఫోన్‌కి రెండు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇద్దరు పాట వినేటప్పుడు శబ్దం తగ్గినట్టనిపిస్తే అది భ్రమ కాకపోవచ్చు. ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ పదుల ఓములే. అది చూసి ఊరుకునే రకం కాదు, నిజంగానే తాగుతుంది.

మళ్లీ పెదనాన్న దగ్గరికి. ఆ రికార్డింగుని హైదరాబాద్‌లో ఓ స్టూడియోకి పట్టుకెళ్లాను. వాళ్లు కంప్యూటర్లో పెట్టి 50, 100, 150... ఇలా మోత ఉన్న చోటల్లా సన్నగా చెక్కేశారు. తుమ్మెద పోయింది. సంబరంగా తెచ్చి పెద్దమ్మకి వినిపించాను. రెండు నిమిషాలు విని చెవుల్లోంచి తీసేసింది. ‘ఇది మీ పెదనాన్న కాదురా. ఎవరో సన్నగా ఉన్నాయన’ అంది. స్టూడియో వాళ్లని అడిగితే వాళ్లూ కాదనలేదు. మగవాళ్ల గొంతులోని లావు కూడా ఆ నూరు, నూటయాభై దగ్గరే ఉంటుందట. తుమ్మెదని చెక్కుతుంటే ఆయన ఛాతీ కూడా కాస్త లేచిపోయింది. ఇప్పుడు రెండూ దాచాం. పెద్దమ్మ వినేది మోత ఉన్నదే. విల్లు విరిగే చోట శబ్దం లేదుగా, అక్కడ తనే ఆ వచనం అందుకుంటుంది. యాభై ఏళ్లు విన్న కథ కదా, అక్షరం తప్పదు.

2023 నవమికి అదే పందిట్లో ఆ రికార్డరు శిష్యుడే ‘సీతాకల్యాణం’ చెప్పాడు. మావయ్య ర్యాకు పక్కనే కూర్చున్నాను. ముందువైపు ఆరు బొత్తాల కింద తెల్ల చీటీల మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. ఒకటి వీడియో. రెండు లైవ్. మూడు కేబుల్. నాలుగు రికార్డరు. అయిదు అరుగు. ఆరో చీటీ మీద ‘వంటశాల’ కొట్టేసి ఉంది. ఆ దారిలోంచి చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ మీదుగా ఒక సన్నటి తీగ చాపల కిందుగా ముందు వరస దాకా వెళ్లింది. పెద్దమ్మకి ఈమధ్య చెవులు సరిగా వినపడటం లేదు. చీటీ మీద ‘అక్కయ్య’ అని ఉంది.